ఒకే ప్రాంగణం సరిపోదు: తెలంగాణ విద్యాశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖకు, గురుకుల సొసైటీల కార్యదర్శులకు,



ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లల కోసం ఇంతకాలం వేర్వేరుగా నడిచిన గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తేవాలని మీరు సంకల్పించారు. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ పాఠశాలలకు 2024 అక్టోబర్‌లో శంకుస్థాపనలు కూడా జరిగాయి. కులమతాల గోడలు లేని చదువు అందించాలన్న ఆ లక్ష్యాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తూనే ఈ లేఖ రాస్తున్నాను. దీనిమీద చర్చ ఎక్కువగా ఎకరాల చుట్టూ, కోట్ల చుట్టూ, భవనాల నమూనాల చుట్టూ తిరిగింది. ఆ భవనంలో ఎవరి మంచం పక్కన ఎవరి మంచం వేస్తారు, మెస్‌లో వడ్డన వంతు ఎవరెవరికి కలిపి వేస్తారు, ఆటల జట్లు ఎలా కడతారు, వార్డెన్ ఎవరిని ఏమని పిలుస్తారు అన్న ప్రశ్నలకు కూడా అంత ప్రాధాన్యం దక్కాలి. నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన కులం పట్ల వాళ్ల వైఖరి మారదు. మార్పంతా చేర్చిన తీరులో ఉంటుంది. ఆ తీరు సరిగా లేకపోతే ఉన్న చిన్నచూపు ఇంకా ముదిరే ప్రమాదమూ ఉంది. డెబ్బై ఏళ్లుగా సామాజిక మనస్తత్వశాస్త్రం కూడగట్టిన సాక్ష్యం ఈ మాటే చెబుతోంది.

ముందుగా మన గురుకులాల చరిత్రకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య పల్లె పిల్లలకు పెద్ద చదువుల దారి చూపింది. ఎనభైలలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. ఆ తర్వాత గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలు విస్తరించాయి. 2014 మేలో పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు సాంఘిక సంక్షేమ గురుకులాల పేరు దేశమంతా వినబడింది. వేర్వేరు గురుకులాలు పెట్టడం ఆనాటి అవసరం. ఊళ్లో బడి గడపలోనే అవమానం ఎదురయ్యే పిల్లలకు అవి నీడనిచ్చాయి. అయితే ఆ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. చిన్నచూపుకు గురయ్యే పిల్లవాడికి అది రక్షణ ఇచ్చింది గానీ, చిన్నచూపు చూసే పిల్లవాడి మనసును తాకలేకపోయింది. ఇప్పుడు మీరు చేయబోయేది ఆ రెండో పని. అది మొదటిదానికంటే కష్టమైనది.

ఎందుకు కష్టమో తెలియాలంటే వైఖరి అనేది ఎలా పుడుతుందో చూడాలి. కులం గురించి ఏ ఇంట్లోనూ పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పరు. ఎవరు వస్తే నాన్న లేచి నిలబడతాడో, ఎవరిని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడతాడో, ఎవరికి వేరే గ్లాసులో నీళ్లు ఇస్తారో, ఎవరి ఇంటి పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా తిరిగొస్తారో పిల్లలు గమనిస్తారు. బడికి వెళ్లే వయసుకే ఆ గమనింపు ఒక ఇష్టంగానో ఏవగింపుగానో స్థిరపడుతుంది. కారణాలు తర్వాత వచ్చి దానికి అతుక్కుంటాయి. అందుకే వైఖరిలో ఆలోచన, భావోద్వేగం, నడవడి అనే మూడు పాయలు ఉంటాయని శాస్త్రం చెబుతుంది. మనం నీతిబోధతో తాకగలిగేది మొదటి పాయను మాత్రమే. ప్రార్థన సమయంలో సమానత్వ ప్రతిజ్ఞ చేసిన పిల్లవాడే అదే మధ్యాహ్నం ఫలానావాడి పక్కన కూర్చోవడానికి వెనకాడవచ్చు. అందులో వాడికి వైరుధ్యం కనిపించదు. ప్రతిజ్ఞ నోటిది, వెనకంజ అలవాటుది.

చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో 1934లోనే రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ పరిశోధకుడు చూపించాడు. చైనీయులంటే తీవ్రమైన ద్వేషం ఉన్న ఆ రోజుల్లో ఆయన ఒక చైనా దంపతులతో కలిసి దేశమంతా తిరిగాడు. వాళ్లు ఆగిన 251 హోటళ్లు, భోజనశాలల్లో ఒక్కచోటే కాదన్నారు. తర్వాత అవే సంస్థలకు ఉత్తరాలు రాసి చైనీయులను రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు. అక్కడ మాట చెడ్డగా, చేత మంచిగా ఉంది. మన దగ్గర సాధారణంగా తిరగబడి ఉంటుంది. కులం పట్టింపు లేదని అందరూ అంటారు, పట్టింపు మాత్రం పోదు. ఏ దిశలో ఉన్నా పాఠం ఒకటే. మాటను మార్చి చేత మారుతుందని ఎదురుచూడటం కంటే, చేతను మార్చి మనసు దాని వెంట వచ్చేలా చేయడం నమ్మదగిన దారి. 1957లో లియోన్ ఫెస్టింజర్ ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఒక కారణం చెప్పింది. మనిషి తన ప్రవర్తనకూ నమ్మకానికీ మధ్య పొంతన లేకపోతే ఆ ఇబ్బందిని ఎక్కువకాలం భరించలేడు. చేసిన పనిని వెనక్కి తీసుకోలేనప్పుడు నమ్మకాన్నే సర్దుకుంటాడు.

అలాగని ఏ చేత అయినా పనికొస్తుందా? రాదు. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ ద్వేషభావాల మీద రాసిన గ్రంథంలో వేర్వేరు వర్గాల కలయిక ఫలించడానికి నాలుగు షరతులు పెట్టాడు. కలిసినవాళ్ల హోదా ఆ చోట సమానంగా ఉండాలి. వాళ్లకు ఉమ్మడి లక్ష్యం ఉండాలి. ఆ లక్ష్యం పోటీతో కాక సహకారంతో చేరేదై ఉండాలి. అధికారం, ఆచారం ఆ కలయికను బాహాటంగా సమర్థించాలి. అదే ఏడాది ఓక్లహామాలోని ఒక వేసవి శిబిరంలో ముజఫర్ షెరీఫ్ బృందం పదకొండేళ్ల వయసున్న 22 మంది అబ్బాయిలను రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టింది. కొద్ది రోజులకే జట్ల మధ్య బద్ధవైరం పుట్టింది. దాన్ని తగ్గించడానికి రెండు జట్లకూ ఒకే భోజనశాలలో కలిపి భోజనం పెడితే ఒకరిమీద ఒకరు తిండి విసురుకున్నారు. కలిపి సినిమా చూపించినా ఫలితం లేదు. శిబిరానికి నీళ్లు ఆగిపోయి అందరూ కలిసి లోపం వెతకాల్సి వచ్చినప్పుడు, మొరాయించిన లారీని రెండు జట్లూ కలిసి తాడుతో లాగినప్పుడు, అలాంటి పనులు ఒకటి తర్వాత ఒకటి వచ్చినప్పుడు వైరం మెల్లగా కరిగింది. పరిశోధకులు పిల్లల వ్యవహారంలో అతిగా జోక్యం చేసుకున్నారన్న విమర్శ ఈ ప్రయోగం మీద ఉంది. అయినా ఒకే కప్పు కింద భోజనం చేయడం వేరు, ఒకే పని కోసం చేతులు కలపడం వేరు అన్న తేడాను ఆ తర్వాతి పరిశోధన కూడా నిలబెట్టింది.

ప్రభుత్వ స్థాయిలో ఆ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. 1954లో అక్కడి సుప్రీంకోర్టు నల్లజాతి పిల్లలకు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. అది న్యాయమైన తీర్పు, అందులో సందేహం లేదు. కానీ బడులు కలిసిన తర్వాత పిల్లల మనసుల్లో ఏం జరిగిందని 1978లో వాల్టర్ స్టీఫన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలిస్తే, తెల్లపిల్లల్లో దురభిప్రాయం ఆశించినట్టు తగ్గలేదని తేలింది. ఒకే తరగతి గదిలో కూర్చున్నా మార్కుల పోటీలో ప్రత్యర్థులుగానే ఉన్నారు. మధ్యాహ్నం భోజనానికి విడివిడిగానే వెళ్లారు. ఇదే సమస్యతో సతమతమవుతున్న టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో 1971లో ఎలియట్ ఆరన్సన్ బృందం తరగతి నడిపే పద్ధతిని మార్చింది. ఐదారుగురు పిల్లల జట్టుకు పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. తనకు దొరికిన ముక్కను మిగతావాళ్లకు నేర్పితే తప్ప పరీక్షలో ఎవరూ గట్టెక్కలేరు. అంతకుముందు వెక్కిరించిన పిల్లవాడి మాటను ఇప్పుడు చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. కొన్ని వారాల్లోనే పిల్లలు ఒకరినొకరు ఇష్టపడటం, తమమీద తమకు నమ్మకం పెరగడం కనిపించాయి. బడి అదే, పిల్లలు వాళ్లే, మారింది పద్ధతి ఒక్కటే.

ఇది పరదేశం సంగతి, కులానికి వర్తిస్తుందా అని అడగవచ్చు. వర్తిస్తుందనడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో మాట్ లో అనే ఆర్థికవేత్త వివిధ కులాల యువకులు 1,261 మందితో క్రికెట్ లీగ్‌ల ప్రయోగం చేసి 2021లో ఫలితాలు ప్రచురించాడు. లాటరీ పద్ధతిలో కొందరిని కలగలుపు జట్లలో, కొందరిని ఒకే కులం జట్లలో వేశాడు. తమ జట్టులోనే ఇతర కులాలవాళ్లు ఉన్నవారికి ఇతర కులాల స్నేహితులు పెరిగారు. ఇతర కులాలవాళ్లను ప్రత్యర్థులుగా మాత్రమే ఎదుర్కొన్నవారిలో కులాల మధ్య కలివిడి తగ్గింది. ఆట ఒకటే అయినా సహకారం ఒక ఫలితాన్ని, పోటీ దానికి విరుద్ధమైన ఫలితాన్ని ఇచ్చాయి. ఢిల్లీలో ప్రైవేటు బడులు పేద పిల్లలను చేర్చుకోవాలన్న నిబంధన వచ్చాక ఏమైందో గౌతమ్ రావు పరిశోధించి 2019లో ప్రచురించాడు. పేద సహవిద్యార్థులున్న సంపన్న పిల్లలు మరింత ఉదారంగా మారారు, పేద పిల్లల పట్ల వివక్ష తగ్గించారు. కొన్ని బడుల్లో పేర్ల అక్షరక్రమంలో చదువు బృందాలు వేయడం వల్ల ఎవరి బృందంలో ఎవరు పడతారన్నది ఎవరి చేతిలోనూ లేకపోయింది. అలా దగ్గరగా మసలిన పిల్లల్లోనూ ఆ మార్పు కనిపించింది. హాస్టల్ విషయానికొస్తే, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో లాటరీ ప్రకారం వేరే జాతి విద్యార్థితో గది పంచుకున్న తెల్లవిద్యార్థుల్లో నల్లవారి పట్ల లోపల దాగిన వ్యతిరేక భావన తగ్గిందని, అలాంటి గదుల్లో ఉన్న నల్లవిద్యార్థుల చదువు మెరుగుపడిందని తేలింది.

ఇక మీరు చేయవలసినవి. ఒకే ప్రాంగణంలో నాలుగు సొసైటీల పిల్లలకు నాలుగు బ్లాకులు, నాలుగు మెస్‌లు, నలుగురు వార్డెన్లు ఉంటే అది నాలుగు పాత గురుకులాలకు కట్టిన కొత్త ప్రహరీ మాత్రమే అవుతుంది. కాబట్టి డార్మిటరీలో మంచాలు లాటరీ ప్రకారమో అక్షరక్రమంలోనో కేటాయించాలి. తల్లిదండ్రులు అడిగినా, స్థానిక నాయకుడు ఫోన్ చేసినా మార్చకూడదు. మెస్‌లో వడ్డన, తోట పని, లైబ్రరీ బాధ్యత వంటివి కలగలుపు బృందాలకు వంతులవారీగా రావాలి. ఊడ్చే పని ఎప్పుడూ కొందరికే, మైకు పట్టుకునే పని ఎప్పుడూ కొందరికే పడకుండా రిజిస్టరులో రాసిపెట్టాలి. క్రీడా జట్లు, హౌస్‌లు ఏ సొసైటీ నుంచి వచ్చారన్న ప్రాతిపదికన ఏర్పడకూడదు. వారంలో కొన్ని పాఠాలైనా ఆరన్సన్ పద్ధతిలో, ఒకరి మీద ఒకరు ఆధారపడి నేర్చుకునేలా నడవాలి. స్కాలర్‌షిప్ కోసమో సర్టిఫికెట్ కోసమో తరగతిలో కులం పేరెత్తి పిల్లల్ని లేపి నిలబెట్టడం పూర్తిగా మానాలి. తమిళనాడులో 2023లో నాంగునేరిలో దళిత విద్యార్థిపై సహవిద్యార్థులే దాడి చేసిన తర్వాత నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ, 2024లో ఇచ్చిన నివేదికలో కులాన్ని సూచించే రంగు మణికట్టు తాళ్లను నిషేధించాలని, పిల్లలను అక్షరక్రమంలో కూర్చోబెట్టాలని సిఫార్సు చేసింది. అంత ఘోరం జరిగాక రాసుకున్న నియమాలను మనం మొదటి రోజునుంచే పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగో షరతు, అంటే అధికారం సమర్థన. పిల్లలు నోటీసు బోర్డు కంటే ఉపాధ్యాయుల ముఖాలను శ్రద్ధగా చదువుతారు. స్టాఫ్ రూమ్‌లో టీచర్లు కులాలవారీగా గుంపులు కట్టి టీ తాగితే, ప్రిన్సిపాల్ ఒక వర్గం పిల్లలను ఎప్పుడూ ముద్దుపేరుతో, మరో వర్గం పిల్లలను ఎప్పుడూ ఇంటిపేరుతో పిలిస్తే, పైన చెప్పిన నియమాలన్నీ వృథా. ఉపాధ్యాయులు, వార్డెన్లు, వంటసిబ్బంది అన్ని వర్గాలనుంచీ అన్ని స్థాయిల్లోనూ ఉండాలి. ఈ పని గురించి వాళ్లకు ముందుగానే శిక్షణ ఇవ్వాలి. పిల్లల మధ్య మర్యాదలు నిర్ణయించేది పెద్దలే కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో 56 మాధ్యమిక పాఠశాలల్లో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. అక్కడ కొద్దిమంది విద్యార్థులకే తోటివాళ్ల గొడవలను తగ్గించే బాధ్యత ఇస్తే, పాఠశాలల్లో గొడవల ఫిర్యాదులు సుమారు 30 శాతం తగ్గాయి. ఆ కొద్దిమందిలో ఎక్కువమందితో పరిచయాలున్న పిల్లలు ఉన్నచోట ఫలితం మరింత బాగా వచ్చింది. ఏది పద్ధతి, ఏది కాదు అని పిల్లలు తోటిపిల్లల్ని చూసే తెలుసుకుంటారు. అందుకని నాయకత్వ బాధ్యతలు మార్కుల్లో మొదటివాళ్లకే కాకుండా, తోటివాళ్లు నిజంగా లెక్కచేసే పిల్లలకూ దక్కాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది దళిత, గిరిజన ఆలోచనాపరులనుంచి వచ్చేది. వేరు గురుకులంలో తమ పిల్లలు తలెత్తుకుని పెరిగారని, కలిపిన చోట ఇతరుల చిన్నచూపును సరిదిద్దే భారమంతా మళ్లీ తమ పిల్లల మీదే పడుతుందని వాళ్లు అంటారు. ఈ మాటను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. పైగా పరిశోధనలోనూ దీనికి ఊతం ఉంది. స్నేహపూర్వకమైన కలయిక వల్ల అణగారిన వర్గం వాళ్లు ఎదుటివాళ్లు న్యాయంగా ఉంటారని నమ్మి, ఉన్న అసమానతను తక్కువగా గుర్తిస్తారని, ఆ నమ్మకం తర్వాత నిజం కాకపోవచ్చని తమార్ సాగీ బృందం 2009లో చూపించింది. కాబట్టి మనకు కావలసింది నోరు మూయించే సామరస్యం కాదు. కులం గురించి, అంబేడ్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి తరగతిలో తెరిచి మాట్లాడాలి. అవమానం జరిగితే ఫిర్యాదు చేయడానికి పాఠశాల బయటి వ్యక్తులున్న కమిటీ ఉండాలి, దాని నిర్ణయాలు అమలు కావాలి. సాంఘిక సంక్షేమ గురుకులాలు సాధించిన ఆత్మగౌరవ సంప్రదాయం కొత్త బడుల్లో అందరి వారసత్వంగా కొనసాగాలి. ఈ షరతులు నెరవేరని చోట పాత గురుకులాన్ని మూయడానికి తొందరపడకూడదు. సమాన హోదా అన్న మొదటి షరతు లేకుండా కలపడం కంటే కలపకపోవడమే మేలు.

రెండో అభ్యంతరం, వైఖరి ఇంట్లో పుడుతుంది, బడి ఏం చేయగలదు అన్నది. ఇంటి ప్రభావం గట్టిదే గానీ చెరగనిది కాదు. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలల్లో సుమారు 14,000 మంది పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. అందులో దాదాపు సగం బడుల్లో ఆడ, మగ సమానత్వం గురించి రెండున్నరేళ్లపాటు తరగతి చర్చలు నడిపించారు. వెనకబాటు వైఖరుల్లో సుమారు 16 శాతం అభ్యుదయ వైఖరులుగా మారాయని, కార్యక్రమం ముగిసిన రెండేళ్లకు కూడా ఆ మార్పు నిలిచిందని 2022లో ప్రచురించారు. 16 శాతం చిన్న సంఖ్యే అనిపించవచ్చు. తల్లిదండ్రుల పట్టు బలంగా ఉన్న రాష్ట్రంలో, నెలకు సుమారు గంట చర్చతో వచ్చిన ఫలితం అది. ఏడాదిలో అధికభాగం పిల్లలు మీ దగ్గరే ఉండే గురుకులంలో అవకాశం ఇంకా ఎక్కువ.

మూడో అభ్యంతరం పరిశోధకులదే. కలయిక ప్రభావాన్ని పెంచి చెబుతున్నారని వాళ్లలో కొందరి అనుమానం. పెటిగ్రూ, ట్రాప్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 2006లో 515 అధ్యయనాలను సమీక్షించి కలయిక దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని, ఆల్‌పోర్ట్ షరతులుంటే ఇంకా బాగా తగ్గిస్తుందని తేల్చారు. కానీ 2019లో బెట్సీ లెవీ పాలక్ బృందం లాటరీ పద్ధతిలో జరిగిన ప్రయోగాలను మాత్రమే వేరుచేసి చూస్తే, జాతి దురభిప్రాయాల విషయంలో ప్రభావం తక్కువగా కనిపించింది. ఇరాక్‌లో క్రైస్తవ ఫుట్‌బాల్ జట్లలో ముస్లిం ఆటగాళ్లను చేర్చిన సల్మా మూసా 2020 ప్రయోగంలో మైదానంలో స్నేహం పెరిగింది గానీ, మైదానం బయట అంతగా విస్తరించలేదు. ఈ సాక్ష్యాన్ని దాచిపెట్టి మిమ్మల్ని ఒప్పించడం నా ఉద్దేశం కాదు. ఇది నా వాదనను బలహీనపరచదు, పదును పెడుతుంది. కలయిక ఒక్క చోటికే పరిమితమైతే దాని ఫలమూ ఆ చోటికే పరిమితమవుతుంది. అందుకే ఆటలో కలిపి గదిలో విడదీయడం, తరగతిలో కలిపి మెస్‌లో విడదీయడం కుదరదు. నిద్ర, తిండి, చదువు, ఆట, బాధ్యత అన్నీ ఏళ్ల తరబడి ఒకే నియమం కింద నడిచే చోటు మన దేశంలో గురుకులం కాక మరొకటి అరుదు.

చివరి అభ్యంతరం మార్కులది. ఇదంతా చేస్తూ కూర్చుంటే ఐఐటీ, నీట్ ఫలితాలు ఏమవుతాయని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్లు అడగడం న్యాయం, ఎందుకంటే ఆ ఫలితమే వాళ్ల బతుకు మార్చేది. ఢిల్లీ అధ్యయనంలో సంపన్న పిల్లల హిందీ, లెక్కల మార్కులకు నష్టం కనిపించలేదు, ఇంగ్లిష్‌లో స్వల్ప తగ్గుదల కనిపించింది. కేప్‌టౌన్‌లో నల్లవిద్యార్థుల ఫలితాలు మెరుగయ్యాయి. తోటివాళ్ల చిన్నచూపు భయంతో చేయి ఎత్తని పిల్లవాడికి ఆ భయం పోతే చదువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఒక్క విన్నపం మిగిలింది. ఈ ప్రయత్నం ఫలించిందో లేదో ఏడాది చివర పిల్లలకు ప్రశ్నపత్రం పంచి కొలవకండి. సరైన జవాబు ఏదో వాళ్లకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది, లాపియర్ ఉత్తరాలకు విలువ లేనట్టే ఆ జవాబులకూ విలువ ఉండదు. ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారు, ఎవరిని జట్టుకు ఎంచుకుంటున్నారు, సెలవుల్లో ఎవరి ఇంటికి ఎవరు వెళ్లివస్తున్నారు, ఎవరు మధ్యలోనే బడి మానేస్తున్నారు అన్నది చూడండి. విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఆ పని అప్పగించి, ఏ విద్యార్థి పేరూ బయటపడకుండా, ఫలితం బాగున్నా లేకున్నా ఏటా ప్రచురించండి. కొన్ని బడుల్లో ఒక పద్ధతి, కొన్నిట్లో మరో పద్ధతి పెట్టి పోల్చి చూస్తే దేశానికే దారి చూపే జ్ఞానం తెలంగాణ దగ్గర ఉంటుంది.

పిల్లలు ఇంటినుంచి తెచ్చుకునే వైఖరికి మీరు బాధ్యులు కారు. మీ దగ్గర గడిపిన ఏళ్ల తర్వాత వాళ్లు తీసుకెళ్లే వైఖరికి మాత్రం మీరే బాధ్యులు. మంచాల కేటాయింపు, మెస్ వంతులు, జట్ల కూర్పు, సిబ్బంది నియామకం, ఫిర్యాదుల కమిటీ, ఏటా ప్రచురించే నివేదిక: ఈ ఆరింటినీ ప్రవేశాల ప్రకటన కంటే ముందే ప్రభుత్వ ఉత్తర్వుగా వెలువరించండి. గోడలు కట్టడానికి పెట్టినంత శ్రద్ధ ఈ నియమాలమీద పెడితే, మీరు ప్రకటించిన లక్ష్యం నెరవేరుతుందని నేను నమ్ముతున్నాను.

భవదీయుడు,
తెలంగాణ పౌరుడొకరు